మరణముల పట్టికలో పేరు లేని కారణము



ఏ మహనీయుని సంస్మరణార్థము ఈ యుపన్యాసము ఏటేట జరుగుచున్నదో ఆ ఆచార్యులు వైద్యకళాశాలలో జనారోగ్యశాస్త్రమును బోధించి జీవితమును గడపినవారే గాని, హస్తవాసికి పేరుగాంచి ధనమార్జించిన వైద్యులు కారు. విద్యార్థులను రోగి మంచము చెంతకు కొనిపోవుటకు పూర్వమే నగరపాలక సంస్థవారి జనన మరణముల రిజిస్టరు చెంతకు కొనిపోయి, ఒక్కొక్క వార్డులో ఒక్కొక్క నెలలో మరణించినవారి వయస్సులను, కారణములను వారిచేతనే వరుసగా వ్రాయించి, ఆ పట్టికను చూచి ఏ వీధిలో మంచినీటిగొట్టము పగిలియుండునో ఊహింపుడని వారిని పరీక్షించుట ఆయన పద్ధతి. కలరా, సన్నిపాత జ్వరము, మశూచి మొదలైన వ్యాధులు ప్రబలియున్న కాలమున ఏర్పడిన ఆ పద్ధతి, గొట్టము లేని, వాసన యొక్కొకప్పుడే తెలియు, కంటికి సగము మాత్రమే కనబడు వేఱొక యపకారిని గుర్తించుటకు ఎంతవరకు పనికివచ్చునో విచారించుట నేటి నా సంకల్పము. నగరములయందలి వాయుమాలిన్యము ప్రజల యారోగ్యమునకు చేయు హానిని లెక్కించుట ఎట్లు, ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చును, నమ్మిన పిదప మన యూళ్లలో చేయవలసినదేమి యను మూడు ప్రశ్నలను మీ యెదుట ఉంచుచున్నాను.

ఈ విషయమున మన దేశమున ఒక వాదము తఱచుగా వినవచ్చుచున్నది. వాయుమాలిన్యమువలన ఎందరు మరణించుచున్నారని పార్లమెంటులో సభ్యులు ప్రశ్నించినపుడెల్ల, కేవలము మాలిన్యమువలననే మరణము సంభవించినదని నిర్ధారింపదగిన నిశ్చిత సమాచారము దేశమున లేదనియు, ఆహారపుటలవాట్లు, వృత్తి, ఆర్థికస్థితి, పూర్వరోగములు, వంశపారంపర్యము మొదలైనవన్నియు ఆరోగ్యమును నిర్ణయించుననియు ప్రభుత్వపక్షమునుండి పలుమారులు ప్రత్యుత్తరము వచ్చినది. ఆ ప్రత్యుత్తరములోని ఒక్కొక్క మాటయు సత్యమే. అయినను ఆ సత్యము అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. పొగాకువలననే, మఱి దేనివలనను గాక కేవలము పొగాకువలననే ఫలానా వ్యక్తి మరణించెనని ఏ వైద్యుడును ప్రమాణము చేసి చెప్పజాలడు. అట్లని పొగాకు ప్రాణాంతకమగుటను నేడెవ్వరును సందేహించుట లేదు. ఈ యొక్క మనుష్యుడు దేనివలన మరణించెను అనునది ఒక ప్రశ్న. గాలి శుభ్రముగా ఉండినయెడల ఈ యూర ఈ యేడు ఎందరు బ్రతికియుందురు అనునది వేఱొక ప్రశ్న. మొదటిదానికి ఉత్తరము దొరకని చోట్లను రెండవదానికి ఉత్తరము దొరకును. పరిపాలకులకు కావలసినది ఆ రెండవదియే. ఈ భేదము గ్రహింపబడనంత కాలము ఎన్ని పరిశోధనలు జరిగినను మన చర్చ మొదటి మెట్టుననే నిలిచియుండునని నా దృఢవిశ్వాసము.

ఈ రెండవ ప్రశ్నను అడుగుట క్రొత్తయేమియు కాదు. 1662లో లండను నగరమున జాన్ గ్రాంటు అను బట్టలవర్తకుడు, చర్చిలవారు వారము వారము ప్రకటించుచున్న మరణముల పట్టికలను ఏండ్ల తరబడి ఎదురెదురుగా ఉంచి పరిశీలించి ఒక గ్రంథమును వెలువరించి, పల్లెలకంటె ఆ నగరమున మరణములు హెచ్చుగా నుండుటకు గల కారణములలో నేలబొగ్గు పొగను గూడ ఒకటిగా పేర్కొనెను. వైద్యుడు గాని, రసాయనశాస్త్రజ్ఞుడు గాని కాని యొక వర్తకుడు, గాలిని కొలుచు సాధనమేదియు లేని కాలమున, పట్టికలను చదువు నేర్పొక్కటే ఆధారముగా ఆ యనుమానమునకు రాగలిగెను.

అనుమానమును అంకెగా మార్చిన ఘట్టము మన శతాబ్దమునకు ముందుదైన ఇరువదవ శతాబ్దమునకు చెందినది. 1930 డిసెంబరు మొదటివారమున బెల్జియము దేశమున లీజ్ నగరమునకు సమీపమునందలి మ్యూజ్ నదీలోయలో దట్టమైన పొగమంచు క్రమ్మెను. సామాన్యముగా నేలయొద్దనున్న వెచ్చని గాలి పైకి లేచుచు పొగను తనతో కొనిపోవును. చలికాలమున నేల చల్లబడి, క్రింద చల్లని గాలియు పైన వెచ్చని గాలియు నిలిచిన దినములలో ఆ రాకపోకలు స్తంభించి, పొగగొట్టములనుండి వెడలినదంతయు మనుష్యులు పీల్చు నెత్తుననే నిలిచిపోవును. ఆ లోయయందు ఉక్కు, తుత్తునాగము, గాజు మొదలగు పరిశ్రమలు బారులు తీరియుండగా ఆ కొలది దినములలో అరువదిమందికి పైగా మరణించిరి. విచారణ జరిపిన వైద్యబృందములో నొకడైన జాన్ ఫిర్కే తన విషయమును మ్యూజ్ లోయతో ముగింపక, ఇట్టి యుపద్రవమే లండను నగరమున సంభవించినచో జనసంఖ్యనుబట్టి 3,200 మంది యాకస్మికముగా మరణింపగలరని లెక్కకట్టి 1936లో ప్రకటించెను. ఒకచోట చూచిన హానిని వేఱొకచోటి జనసంఖ్యకు అన్వయించి, జరుగబోవుదానిని ముందుగా అంచనా కట్టుట నేడు వాయుమాలిన్య శాస్త్రమున నిత్యకృత్యము. దానికి ఇంతకు పూర్వపు టుదాహరణము నాకు కనబడలేదు. ఆ హెచ్చరికను లండను నగరము చెవిని బెట్టలేదు.

పదునాఱేండ్లు గడచినవి. 1952 డిసెంబరు 5వ తేదీనుండి 9వ తేదీవరకు లండనుపై బొగ్గుపొగ క్రమ్మి బస్సులు నిలిచిపోయినవి. స్మిత్‌ఫీల్డు పశుప్రదర్శనకు వచ్చిన బలిసిన యెడ్లు ఊపిరాడక కొన్ని చచ్చినవి. ఇన్ని జరుగుచున్నను, ఎన్ని వేలమంది మరణించుచున్నారో ఆ దినములలో నగరవాసులకు తెలియదు. ఒక్కొక్క యింట ఒక ముసలివాడో, ఉబ్బసమున్నదియో, గుండెజబ్బువాడో, పసిబిడ్డయో పోవుట ఆ యింటికి దుఃఖమే గాని నగరమునకు వార్త కాదు. శవపేటికలు చాలకుండుటచేతను, పూలు దొరకకుండుటచేతను విషయము మొదట గ్రహించినవారు అంత్యక్రియల వర్తకులే యని చెప్పుదురు. ఆ దుఃఖములన్నియు ఒకచోట చేరి అంకెయైన పిమ్మటనే సంగతి బయటపడెను. డిసెంబరు 13వ తేదీతో ముగిసిన వారమున విశాల లండనులో నమోదైన మరణములు 4,703. అంతకుముందటి సంవత్సరము అదే వారమున 1,852. ఏ మరణధ్రువపత్రమునందును పొగ యను కారణము వ్రాయబడియుండలేదు. శ్వాసనాళముల వాపనియు, న్యుమోనియా యనియు, హృద్రోగమనియు వ్రాయబడియుండెను. పత్రములలో లేని కారణము ఆ పత్రముల మొత్తములో దొరకినది.

తరువాతి చరిత్ర ఇంకను విచారింపదగినది. పొగమంచువలని మరణములు 4,000 అని నాటి ప్రభుత్వపు లెక్క. కాని పొగ విడిపోయిన పిమ్మటగూడ మార్చి మాసము వరకు మరణములు మామూలు స్థాయికి దిగలేదు. ఆ యధికమునకు ఇన్‌ఫ్లుయెంజా కారణమని అధికారులు నిర్ణయించి దానిని వేఱుచేసిరి. సుమారు అర్ధశతాబ్దము గడచిన తరువాత 2001లో మిషెల్ బెల్, డెవ్రా డేవిస్ అను నిరువురు పరిశోధకురాండ్రు ఆ రిజిస్టర్లను మరల తెరచి, ఆ యేటి ఇన్‌ఫ్లుయెంజా అంతటి హానికి చాలదని చూపి, మొత్తము మృతుల సంఖ్య 12,000 వరకు ఉండునని అంచనా కట్టిరి. ఈ పునర్విచారము మఱియొక యాక్షేపమునకు గూడ జవాబు చెప్పుచున్నది. మాలిన్యమువలన మరణించువారు ఎట్లును నాలుగు దినములలో పోవలసినవారే గదా యని కొందఱందురు. అదియే నిజమైనచో, ఉపద్రవము ముగిసిన వెంటనే కొన్ని వారములపాటు మరణములు మామూలుకంటె తగ్గవలెను. ముందుగా పోయినవారు తరువాతి లెక్కలో ఉండరు గనుక. లండనులో తగ్గుటకు మారుగా మూడు మాసములు హెచ్చుగానే ఉండెను. 1956లో ఆ దేశమున శుభ్రవాయుచట్టము వెలువడుటకు ఈ యంకెలే ముఖ్యకారణమైనవి.

మహోపద్రవములు ఒకవిధముగా సులభమైనవి. అంత యెత్తుగా లేచిన అల అందరికిని కనబడును. ప్రతిదినము కొంచెము కొంచెముగా పీల్చు మాలిన్యపు హానిని కనిపెట్టుటయే కష్టము. పి.ఎం. 2.5 అని నేడు పత్రికలయందు మనము చదువుచున్న సూక్ష్మధూళి వెండ్రుక మందములో ముప్పదవ వంతుకు మించని రేణువుల సముదాయము. వాహనముల పొగ, వంటచెఱకు పొగ, బొగ్గు, చెత్తమంటలు, ఇటుకబట్టీలు దానికి జన్మస్థానములు. ముక్కును, గొంతును దాటి ఊపిరితిత్తుల చివరి తిత్తుల వరకు అది చేరి, అచట వాపును పుట్టించి, ఆ వాపు రక్తమార్గమున శరీరమంతట వ్యాపించి, రక్తము గడ్డకట్టు స్వభావమును హెచ్చించి, నాళములను గట్టిపఱచును. కనుకనే దానివలని మరణములలో అధికభాగము దగ్గుతోను ఆయాసముతోను గాక గుండెపోటుగాను పక్షవాతముగాను కనబడును. ఊపిరితిత్తుల క్యాన్సరును గూర్చి సందేహము లేదు. బయటి గాలి మాలిన్యమును మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున 2013లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ చేర్చినది.

ఇంత మెల్లగా పనిచేయు దానిని పట్టుటకు రెండు మార్గములున్నవి. మొదటిది ఒకే నగరమును దినదినము పరిశీలించుట. నిన్న ధూళి ఎంత, నేడు మరణములెన్ని యని ఏండ్ల తరబడి ప్రక్కప్రక్కన వ్రాసి, ఎండ, చలి, ఋతువు, జ్వరములు ఇత్యాదులవలన కలుగు హెచ్చుతగ్గులను గణితముచే తీసివేసి, మిగిలినదానిలో ధూళి పాలెంతయో చూతురు. ఒక నగరపు ప్రజల ధూమపానము గాని, బీదఱికము గాని సోమవారమునకును మంగళవారమునకును మారదు గనుక, ఆ పోలికయందు అవి అడ్డురావు. ఇది ఈ పద్ధతి బలము. ఏండ్ల తరబడి కూడిన హానిని ఇది చూపజాలదు. ఇది దాని లోపము.

రెండవది వేర్వేఱు నగరముల ప్రజలను ఏండ్ల తరబడి వెంబడించుట. ఇందులకు ప్రసిద్ధమైన యుదాహరణము హార్వర్డు విశ్వవిద్యాలయమువారు అమెరికాలోని ఆరు నగరములలో జరిపిన పరిశోధన. 1970ల నడుమ ఆరంభమైన ఈ కార్యమున 8,111 మంది వయోజనులను ఎంచుకొని, వారి ధూమపానము, విద్య, వృత్తి, శరీరపు బరువు మొదలగువానిని ఒక్కొక్కరిగా అడిగి వ్రాసికొని, పదునాలుగునుండి పదునాఱేండ్లవరకు వారి చావుబ్రదుకులను గమనించిరి. ఒహాయో రాష్ట్రమున ఉక్కుకర్మాగారముల నడుమ నున్న స్టూబెన్‌విల్ ఆ యారింటిలో మలినతమము. విస్కాన్సిన్ లోని పోర్టేజ్ అన్నిటికంటె శుభ్రమైన చిన్న పట్టణము. ధూమపానాది భేదములను తీసివేసిన పిమ్మటగూడ పోర్టేజ్ లో నూరుగురు మరణించు కాలమున స్టూబెన్‌విల్ లో నూటయిరువదియార్గురు మరణించిరని 1993లో డాకరీ, పోప్, వారి సహచరులు ప్రకటించిరి. ఆ అధికమైన ఇరువదియార్గురు ఎవరు? వ్రేలితో చూపుట సాధ్యము కాదు. ఆ నూటయిరువదియార్గురిలో ప్రతివాని మరణమునందును ఆ గాలికి కొంత పాలు ఉండియుండవచ్చును. పేర్లు చెప్పలేనంతమాత్రమున ఇరువదియాఱు సున్న కాదు.

ఈ ఫలితము అమెరికాలో సూక్ష్మధూళిపై 1997 నాటి నియమములకు ఆధారమగుటచే పరిశ్రమలవారు తీవ్రముగా ఎదిరించి, మూలపత్రములను బయటపెట్టవలెనని పట్టుబట్టిరి. పరిశోధకులు వానిని తటస్థమైన వేఱొక సంస్థకు అప్పగింపగా, డేనియల్ క్రూస్కీ నాయకత్వమున మఱియొక బృందము సమస్తమును తిరిగి లెక్కించి 2000లో అవే ఫలితములను ధ్రువపఱచినది. ఇచట మనము ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలసిన సంగతియొకటి యున్నది. ఆనాటి స్టూబెన్‌విల్ గాలిలో సూక్ష్మధూళి సగటున ఘనపు మీటరుకు 29.6 మైక్రోగ్రాములు. 2009 నాటి మన జాతీయ ప్రమాణములు సంవత్సరపు సగటుగా అనుమతించునది 40. ఒక దేశమున ప్రాణహాని జరుగుచున్నదని నిరూపించుటకు చాలిన గాలి, మన దేశమున చట్టసమ్మతమైన మంచిగాలి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించిన మితి 5 మాత్రమే. దినసరి సూచికలో 31నుండి 60వరకు నున్న గాలికి సంతృప్తికరము అను పేరు పెట్టి, ఆ పేరును ప్రతి ఉదయము చేతిలోని ఫోనులలో ప్రజలకు చూపుచున్నాము. ఉబ్బసపు బిడ్డను బడికి పంపవలెనా, మానవలెనా యని ఆ తెరవంక చూచు తల్లికి ఆ మాట ఏమి చెప్పుచున్నదో, ఆ పేరు నిర్ణయించినవారు ఆలోచింపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను.

మనుష్యులపై ప్రయోగము చేయరానిచోట ఒక్కొకప్పుడు సంఘటనలే ప్రయోగమును చేసిపెట్టును. అమెరికాలోని యూటా లోయలో ఒక ఉక్కుకర్మాగారము కార్మిక వివాదముచే 1986నుండి 1987వరకు సుమారు ఒక యేడాది మూతపడగా, ఆ శీతకాలమున శ్వాసకోశవ్యాధులతో ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య గణనీయముగా తగ్గి, కర్మాగారము తెరువగానే మరల పెరిగెను. 1990లో డబ్లిన్ నగరమున పొగబొగ్గు విక్రయమును నిషేధించినపుడు గాలిలో నల్లపొగ పదింట ఏడు పాళ్లు మాయమై, శ్వాసకోశ మరణములును హృద్రోగ మరణములును తగ్గినవని 2002లో వెలువడిన పరిశోధన చెప్పినది. తరువాత అదే పరిశోధకులలో కొందఱు ఐర్లండులో నిషేధము లేని ప్రాంతములతో పోల్చి చూడగా, హృద్రోగ మరణములు నిషేధము లేనిచోట్లను అట్లే తగ్గుచుండెననియు, ఆ భాగమును నిషేధమునకు ఆపాదింపరాదనియు, శ్వాసకోశ మరణముల తగ్గుదల మాత్రము నిలుచుననియు తేలెను. ఆ సవరణను వారు దాచక ప్రకటించిరి. ఈ శాస్త్రమును శంకించువారు ఇట్టి సవరణలను బలహీనతకు గుర్తులుగా చూపుదురు. నా దృష్టిలో, తన కనుకూలమైన యంకెను తానే తగ్గించుకొనగలుగుట ఈ శాస్త్రమునకు గల గౌరవమునకు మూలము.

ఇక మన దేశమునకు వత్తము. 2002నుండి 2005వరకు ఢిల్లీ బడిపిల్లలను కలకత్తాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సరు సంస్థవారు పరీక్షింపగా 43.5 శాతము మందికి ఊపిరితిత్తుల శక్తి తగ్గియుండెను. పోలికకై తీసికొనిన గ్రామీణ ప్రాంతపు పిల్లలలో ఆ సంఖ్య 25.7 శాతము. 2019లో దేశమున 16.7 లక్షల మరణములు వాయుమాలిన్యమునకు ఆపాదింపదగినవని రాష్ట్రములవారీ రోగభార గణన తేల్చినది, అందు 9.8 లక్షలు బయటిగాలి ధూళివలన, 6.1 లక్షలు ఇంటి పొయ్యిల పొగవలన కలిగినవి. ఇట్టి జాతీయ సంఖ్యలు విన్నపుడు కొందఱు నిశ్చేష్టులగుదురు, కొందఱు కల్పనలని త్రోసివేయుదురు. ఇవి పేర్ల జాబితాలు కావు. ధూళి పరిమాణమును, ఆ పరిమాణమునకు కలుగు హానిని, జనసంఖ్యను, రోగముల వ్యాప్తిని కలిపి గణించిన యంచనాలు. హానిని తెలుపు ఆ సంబంధములో మూలాధారము చాలవరకు అన్యదేశముల ప్రజలనుండి గ్రహింపబడినది. మన దేహములు, మన ధూళి, మన భోజనము వేఱు గదా యను ప్రశ్న న్యాయమైనదే. దానికి సరియైన ప్రత్యుత్తరము మన యూళ్లలో మనము లెక్కించుటయే.

ఆ లెక్క కొంత జరిగినది. 2024లో వెలువడిన యొక పరిశోధన మన హైదరాబాదుతో సహా దేశమునందలి పది నగరములలో 2008నుండి 2019వరకు నమోదైన సుమారు 36 లక్షల మరణములను దినదినపు ధూళితో పోల్చి చూచెను. ధూళి పది మైక్రోగ్రాములు పెరిగినచో దినమరణములు 1.42 శాతము పెరుగుచున్నవనియు, ప్రపంచ ఆరోగ్యసంస్థ దినసరి మితికి మించిన ధూళివలన ఆ నగరముల మరణములలో 7.2 శాతము కలుగుచున్నవనియు తేలెను. ఢిల్లీలో అది 11.5 శాతము, హైదరాబాదులో 5.6 శాతము; మన నగరమున ఏటికి సుమారు 1,600 ప్రాణములు. ఇది దినదినపు హెచ్చుతగ్గులవలని హాని మాత్రమే. ఏండ్ల తరబడి పీల్చినదాని హాని ఇందు చేరలేదు.

అందు నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము వేఱొకటి. ఒక్కొక్క పది మైక్రోగ్రాములకు కలుగు హాని ఢిల్లీలోకంటె బెంగుళూరువంటి సాపేక్షముగా శుభ్రమైన నగరములలో అధికముగా కనబడినది. కూరలో మొదటి చెంచా కారము నాలుకకు తగిలినంతగా పదవ చెంచా తగులదు. దేహమునకును ధూళికిని గల సంబంధము ఇంచుమించుగా అట్టిదే. దీనినుండి రెండు పర్యవసానములు కలుగుచున్నవి. మలినతమ నగరములు కొలదిగా తగ్గించినచో ఫలము స్వల్పముగా కనబడునే గాని, అది ప్రయత్నము వ్యర్థమైనదనుటకు ప్రమాణము కాదు. మితిదాక తగ్గించినపుడే దాని పూర్తి ఫలము చేతికందును. మఱి ఢిల్లీ అంతటి దుర్గతి లేదు గదా యని ఊరటపడు విజయవాడ, వరంగల్లు, విశాఖపట్టణములవంటి మధ్యస్థ నగరములకే, శ్రద్ధ వహించినచో, ఒక్కొక్క మైక్రోగ్రామునకు అధికలాభము కలుగును. దేశమున చర్చయంతయు కార్తికమాసపు ఢిల్లీ చుట్టు తిరుగుచుండుట మన నగరములకు అపకారమని నేను భావించుచున్నాను.

పల్లెలును దీనికి వెలుపల లేవు. హైదరాబాదునకు ఆగ్నేయదిశగా నున్న 28 గ్రామముల కుటుంబములను, పూర్వము జరిగిన పోషకాహార పరిశోధన ఆధారముగా, ఏండ్లుగా పరిశీలించుచున్న శాస్త్రజ్ఞులు అచటి సగటు ధూళి 33 మైక్రోగ్రాములకు కొంచెము తక్కువగా నుండుటను కొలచి, ధూళి హెచ్చినచోట ప్రజల యెముకల సాంద్రత తక్కువగా నుండుటను 2020లో ప్రకటించిరి. ఆ గాలియు మన చట్టపు మితికి లోబడినదే.

ఈ సందర్భమున ఒక బాలిక చరిత్రను మనవి చేయవలెను. లండనులో రద్దీగల రాజమార్గమున కనతిదూరమున నివసించు ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అను తొమ్మిదేండ్ల బాలిక తీవ్రమైన ఉబ్బసముతో పలుమారులు ఆసుపత్రిలో చేరి 2013 ఫిబ్రవరిలో మరణించెను. మొదటి విచారణలో శ్వాసకోశవైఫల్యమని నిర్ణయమైనది. ఆమె తల్లి రోజమండ్ ఆ నిర్ణయముతో తృప్తిపడక పోరాడి న్యాయస్థానముచే దానిని కొట్టివేయించగా, 2020 డిసెంబరులో రెండవ విచారణాధికారి ఆ మరణమునకు వాయుమాలిన్యము గూడ గణనీయముగా తోడ్పడినదని తీర్పు చెప్పెను. ఆ దేశమున మరణకారణముగా వాయుమాలిన్యము అధికారికముగా నమోదగుట అదియే ప్రథమము. ఇంతటి కష్టమునకు ఓర్చిన ఆ తల్లికి నేను సభాముఖమున నమస్కరించుచున్నాను. అయినను ఒక్కొక్క మరణమునకు ఏడేండ్ల విచారణ జరిపించుట ఏ దేశమునకును సాధ్యము కాదు. మనకు మొత్తముల లెక్కయే శరణ్యము. ఆ లెక్క ఆధారపడునది మరణపత్రమును నింపు వైద్యుని కలముమీద.

అచటనే మన దుర్బలత. దేశమున నమోదగు మరణములలో వైద్యునిచే కారణము ధ్రువీకరింపబడునవి 2020 నాటికి 22.5 శాతము మాత్రమే. ఆ కొలదిపాటి పత్రములలోను హృదయశ్వాస స్తంభనము అని వ్రాసి చేతులు దులుపుకొనుట మన యాసుపత్రులలో వాడుకయైనది. మరణించిన ప్రతివానికిని హృదయమును శ్వాసయు స్తంభించును. అది మరణలక్షణమే గాని కారణము కాదు. గుండెపోటువలన పోయినవానినీ, దీర్ఘకాల శ్వాసరోగమువలన పోయినవానినీ ఆ మాట ఒకే గోతిలో పూడ్చివేయును. రాత్రి రెండు గంటలకు పదిమంది రోగుల నడుమ ఆ పత్రమును నింపు యువవైద్యుని నేను నిందింపను. దానిని నింపుట ఎట్లో అతనికి శ్రద్ధగా నేర్పనివారిని, నింపినదానిని తిరిగి చూడనివారిని నిందింతును. ధూళిని కొలుచు యంత్రములకై జాతీయ శుభ్రవాయు కార్యక్రమము 2019నుండి నగరములకు ధనమిచ్చుచున్నది. యంత్రమునకు ఎదురుగా ఉంచవలసిన రెండవ పట్టిక సిద్ధము కానిదే ఆ యంత్రమొక్కటి ఆరోగ్యమును గూర్చి ఏమియు చెప్పజాలదు.

విశాఖపట్టణమును తీసికొనుడు. ఉత్తరమున కైలాసగిరి వరుస, దక్షిణమున యారాడ కొండ, తూర్పున సముద్రము. నడుమ గిన్నెవలె నున్న పల్లపు నేలపై రేవు, నూనెశుద్ధి కర్మాగారము, ఎరువుల పరిశ్రమ, లక్షలమంది నివాసము. రేవునకు దగ్గరి పాతపట్టణమున మేడలమీద ఆరవేసిన బట్టలపై బొగ్గుపొడి పడుచున్నదని గృహిణులు చిరకాలముగా మొఱపెట్టుచున్నారు. అచట శీతకాలపు రాత్రులలో ధూళి హెచ్చిన మఱునాడును, రెండవనాడును గుండెపోటు మరణములు, శ్వాసరోగ మరణములు పాతపట్టణపు వార్డులలో ఎన్ని, సముద్రపుగాలి తగులు వార్డులలో ఎన్ని? ఈ ప్రశ్నకు ఉత్తరమునకు ఉపగ్రహములు గాని, కోట్ల ద్రవ్యము గాని అక్కరలేదు. నగరపాలక సంస్థ తన మరణముల రిజిస్టరును పేర్లు తొలగించి, తేదీ, వయస్సు, స్త్రీపురుష భేదము, వార్డు, కారణము అను ఐదు గడులతో వైద్యకళాశాలకు నెలనెల ఇచ్చినచో చాలును. కాలుష్యనియంత్రణ మండలి ధూళి వివరములను ఇదివఱకే ప్రకటించుచున్నది. ఐదేండ్ల వివరములు చేరినచో అర్హుడైన యొక విద్యార్థి తన పట్టభద్రానంతర సిద్ధాంతవ్యాసముగా దీనిని పూర్తిచేయగలడు.

ఈ స్మారకనిధి నిర్వాహకులకు నా విన్నపము ఇంతమాత్రమే: ప్రతి సంవత్సరము ఒక యుపన్యాసకునికి చేయు వ్యయములో కొంతభాగమును మిగిల్చి, విశాఖపట్టణమున ఒకరికిని, విజయవాడయందొకరికిని అట్టి పరిశోధనకు వేతనమును, మరణపత్రములను నింపు విధానమును నేర్పుటకు జిల్లా ఆసుపత్రి వైద్యులకు ఏడాదికొకసారి రెండు దినముల తరగతిని ఏర్పాటు చేయవలెను. మొదటి తరగతిని నడుపుటకు నేను స్వయముగా వత్తును. దానికి కావలసిన పాఠములను వ్రాసి సిద్ధముగా నుంచినాను, వానిని ఈ సభానంతరము కార్యదర్శిగారికి అందజేయుచున్నాను.